షహర్నూష్ పార్సీపూర్‌ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మల్లెతీగ:
ఇరాన్ రచయిత్రి షహర్నూష్ పార్సీపూర్ రాసిన చిన్న నవల ఒకటి ఇప్పుడే పూర్తిచేశాను. ఇంగ్లీషులో దాని పేరు ‘విమెన్ వితౌట్ మెన్’. 1953 ఆగస్టు ప్రాంతంలో టెహ్రాన్‌లో మొదలయ్యే కథ. ఐదుగురు ఆడవాళ్లు తలోదారినా వచ్చి టెహ్రాన్ దగ్గరి కరాజ్‌లో ఒక తోటకు చేరతారు. వాళ్లలో మహ్‌దొఖ్త్ ఒకప్పటి టీచరమ్మ. చెట్టయిపోవాలనుకుని తోటలో పాదాలు పాతుకుని నిలబడిపోతుంది. మునిస్ చచ్చిపోయి లేస్తుంది, మళ్లీ చస్తుంది, మళ్లీ లేస్తుంది. జరీన్‌కొలాహ్ అనే వేశ్యకు ఒకరోజు నుంచి తన దగ్గరికొచ్చే మగవాళ్లెవరికీ తలకాయ కనబడదు. ఇవన్నీ ఆవిడ పక్కింట్లో పాలు పొంగాయని చెప్పినంత మామూలుగా చెప్పుకుంటూ పోతుంది.

నాకు రెండు సందేహాలు. ఈ పుస్తకం రాసినందుకు ఆవిడను జైల్లో పెట్టారట, మనిషిని జైల్లో పెట్టేంత ఏముంది ఇందులో? ఆవిడవి ఇంకా ఏవి చదవొచ్చు?

నల్లకుంట కుర్రోడు:
ఫాలో అవుతున్నా. సినిమా మాత్రమే చూశా. అందులో చెట్టు టీచరమ్మ లేదే!

రిటైర్డ్ మాస్టారు:
అమ్మా మల్లెతీగా, జైలు సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఆవిడ జైలుకు వెళ్లింది ఒక్కసారి కాదు, ఒక్క ప్రభుత్వం చేతిలోనూ కాదు.

1946లో టెహ్రాన్‌లో పుట్టింది. తండ్రి న్యాయవాది, షిరాజ్ వాళ్లు. టెహ్రాన్ విశ్వవిద్యాలయంలో సోషియాలజీ చదివి 1973లో పట్టా తీసుకుంది. అప్పటికే కథలు రాస్తోంది, జాతీయ టెలివిజన్‌లో పల్లెటూరి ఆడవాళ్ల కోసం వచ్చే కార్యక్రమానికి ప్రొడ్యూసరు. భర్త నాసిర్ తఖ్వాయీ పేరున్న సినిమా దర్శకుడు. ఆ పెళ్లి ఎక్కువకాలం నిలవలేదు. ఒక కొడుకు.

1974 ఫిబ్రవరిలో అప్పటి ఇరాన్ రాజు షా ప్రభుత్వం ఖొస్రో గొల్సొర్ఖీ అనే కవినీ, అతని సహచరుడు కెరామత్ దానెషియాన్‌నీ కాల్చి చంపింది. రాజకుటుంబీకుల్ని కిడ్నాప్ చేయాలని కుట్ర పన్నారని వాళ్లమీద కేసు. క్షమాభిక్ష అడిగితే బతికేవాళ్లే, అడగలేదు. ఆ విచారణను టీవీలో చూపించారు. జనం భయపడతారనుకున్నారు, జరిగింది వేరు: గొల్సొర్ఖీ ఇంటింటికీ తెలిసిపోయాడు. అదే టీవీలో జీతం తీసుకుంటున్న పార్సీపూర్ ఊరుకోలేకపోయింది, రాజీనామా ఇచ్చేసింది. షా రహస్య పోలీసులు, అంటే సవాక్ వాళ్లు, తీసుకెళ్లి దాదాపు రెండు నెలలు లోపల ఉంచారు. ఇస్లామిక్ విప్లవం రావడానికి ఇంకా ఐదేళ్లు ఉందప్పటికి. ఇరాన్ రచయితల జైళ్లన్నీ ముల్లాలతోనే మొదలయ్యాయనుకునేవాళ్లు ఈ తేదీ గుర్తుపెట్టుకోవాలి.

బయటికొచ్చాక పారిస్ వెళ్లి సోర్బాన్‌లో చైనా భాష, చైనా తత్వం చదివింది. మొదటి నవల ‘కుక్క, సుదీర్ఘ శీతాకాలం’ ఆ రోజుల్లోనే టెహ్రాన్‌లో అచ్చయింది. 1980లో, చదువుకున్నవాళ్లు ఇరాన్ వదిలి వెళ్లిపోతున్న సమయంలో, ఈవిడ తిరిగొచ్చింది. మరుసటి సంవత్సరమే అరెస్టు. తల్లిని కూడా పట్టుకెళ్లారు. కారులో దొరికిన రాజకీయ పత్రికలు కారణం. ఏ పార్టీలోనూ సభ్యురాలు కాదు. అధికారికంగా ఏ నేరమూ మోపలేదు. అయినా నాలుగు సంవత్సరాల ఏడు నెలలు బయటికి వదల్లేదు.

సందేహాలరావు:
మాస్టారూ, గౌరవంతోనే అడుగుతున్నాను. ఇలాంటి జీవిత కథ ఉంటే చాలు, పుస్తకం ఎలా ఉన్నా అమెరికాలో యూనివర్సిటీలు నెత్తిన పెట్టుకుంటాయి. అట్టమీద ‘ఇరాన్‌లో నిషేధించిన పుస్తకం’ అని వేస్తే అమ్మకం దానంతటదే జరుగుతుంది. జైలు వేరు, నవల వేరు కదా? ఆ చెట్లూ, చచ్చి లేవడాలూ లాటిన్ అమెరికా నవలల నుంచి తెచ్చుకున్న ఫ్యాషన్ అనే నాకు అనిపించింది.

అనువాదప్రియ:
రావు గారూ, ఫ్యాషన్ అనేముందు ‘తూబా’ చదివారా? పర్షియన్‌లో దాని పేరు ‘తూబా వ మానా-యె షబ్’, అంటే తూబా, రాత్రి అర్థం. 1989లో వచ్చింది. విదేశీ యూనివర్సిటీలు ఆవిడ మొహం చూడకముందే ఇరాన్‌లో జనం ఎగబడి కొన్న నవల అది. అమెరికాలో ఇంగ్లీషు అనువాదం 2006లో గానీ రాలేదు. అంటే అక్కడివాళ్లు నెత్తిన పెట్టుకోవడానికి పదిహేడేళ్ల ముందే సొంత పాఠకులు పెట్టుకున్నారు.

ఆ నవల మొదలే చూడండి. ఇరాన్‌ను ఏలిన ఖాజార్ రాజుల చివరి రోజులు. హాజీ అదీబ్ అనే పండితుడు. వీధిలో ఒక ఇంగ్లీషువాడి గుర్రం వల్ల అవమానం జరుగుతుంది. ఆ గొడవ పర్యవసానంగా భూమి గుండ్రంగా ఉందన్న విషయం మీద ఆలోచనలో పడతాడు. ఆడవాళ్లకు బుర్ర ఉంది, వాళ్లు ఆలోచిస్తున్నారు అన్న సంగతి కూడా అప్పుడే తడుతుంది. భూమి గుండ్రంగా ఉండటం కన్నా అది ఆయన్ని ఎక్కువ భయపెడుతుంది. ఇక ఆ భయంతో ఏం చేయాలో తెలియక కూతురు తూబాకు చదువు చెబుతాడు! ఈ వెటకారం ఎక్కణ్ణుంచీ అరువు తెచ్చుకున్నది కాదండీ.

తండ్రి పోతాడు. పద్నాలుగేళ్ల తూబా ఇంటిని నిలబెట్టడానికి యాభై దాటిన బంధువును పెళ్లి చేసుకుంటానని తానే అడుగుతుంది. ఊళ్లో కరువొస్తే ఆ మొగుడు అది ఈ పిల్ల వల్లేనంటాడు. విడాకులయ్యాక రాకుమారుడితో రెండో పెళ్లి. అతను ఇంకో పద్నాలుగేళ్ల పిల్లను తెచ్చుకుంటాడు. తూబాకు చిన్నప్పటి నుంచీ ఒకటే పట్టుదల, దేవుణ్ణి వెతకాలి. ఇల్లు, పిల్లలు, తివాచీ నేత, అద్దెకున్నవాళ్ల గొడవలు, వీటి మధ్య ఆ వెతుకులాటకు తీరిక దొరకదు. అలా ఖాజార్లు పోయి, రెజా షా వచ్చి, అతని కొడుకూ వచ్చి, దాదాపు ఎనభై ఏళ్లు ఆ ఇంటి గోడల మధ్యే గడిచిపోతాయి.

మల్లెతీగ:
అయ్యో, ఇది వెంటనే చదవాలి. మరి అందులోనూ చెట్టు ఉంటుందన్నారెవరో?

అనువాదప్రియ:
ఉంటుంది. ఆ ఇంటి ముంగిట్లో దానిమ్మ చెట్టు. సైనికులు చెరచిన సితారా అనే చిన్నపిల్ల గర్భవతి అవుతుంది. పరువు పోతుందని మేనమామే చంపేస్తాడు. ఆ చెట్టు కింద పాతిపెడతారు. తూబాకు తెలుసు. ఎవరికీ చెప్పదు. ఆ తర్వాతి నవలంతా ఆ చెట్టు పక్కనే నడుస్తుంది. దీన్ని మాయ అనాలా, ఇరాన్ చరిత్ర అనాలా?

రిటైర్డ్ మాస్టారు:
రావు గారి లాటిన్ అమెరికా ప్రశ్నకు నాదో చిన్న జవాబు. పక్షులు ఏడు లోయలు దాటి తమ రాజును వెతుక్కుంటూ వెళ్లిన కథ పన్నెండో శతాబ్దంలోనే పర్షియన్ సూఫీ కవి అత్తార్ రాశాడు. సూఫీ కథల్లో మనుషులు చచ్చి లేవడం, చెట్టూ పుట్టా మాట్లాడటం పర్షియన్ పాఠకుడికి కొత్త కాదు. దానికి ఈవిడ చైనా చదువు కూడా తోడైంది. చీకటీ వెలుగూ, ఆడా మగా ఒకదాంట్లో ఒకటి ఉంటాయన్న ఆలోచన ‘తూబా’ నిండా ఉంది. దానికి మూలం సోర్బాన్‌లో చదివిన చైనా తత్వమే అని నా అభిప్రాయం.

సందేహాలరావు:
సరే, అత్తార్ సంగతి ఒప్పుకుంటాను. అమ్మకాల గురించి అన్నది మాత్రం వెనక్కి తీసుకోను. అట్టమీద ‘నిషేధం’ అని కనబడితే నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను.

గోదారిగాలి:
మల్లెతీగ గారి మొదటి ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఏముంది అందులో? నేను చెప్తాను. కన్యాత్వం గురించి ఇద్దరు పెళ్లికాని ఆడవాళ్లు గదిలో కూర్చుని మాట్లాడుకుంటారు. మునిస్‌కు ముప్పై ఎనిమిదేళ్లు. కన్యాత్వం ఒక తెర, కిందపడితే చిరిగిపోతుంది అని చిన్నప్పుడు ఎవరో చెప్పారు. ఆ భయంతో చెట్టెక్కకుండా పెరిగింది. స్నేహితురాలు ఫాయిజా, తెరా లేదు ఏమీ లేదు, అది రంధ్రం అంటుంది. అంతే సంభాషణ. మునిస్‌కు కోపం వస్తుంది. ఎవరిమీద? చెట్టెక్కకుండా పోగొట్టుకున్న ఆ ఏళ్లమీద. ఈ రెండు పేజీలకే అక్కడి అధికారులు మండిపడ్డారు. 1989లో పుస్తకం వచ్చాక ఆవిడను మళ్లీ జైలుకు పంపారు, అదీ రెండుసార్లు. పుస్తకం నిషేధం.

ఇప్పుడు మనదేదో తక్కువ తిన్నట్టు అనుకోకండి. ఈ సంభాషణను తెలుగులో యథాతథంగా పెడితే ఇక్కడ ఎంతమంది ఫోన్లు చేసి తిడతారో ఊహించండి.

నల్లకుంట కుర్రోడు:
1953 అంటున్నారు, ఆ సంవత్సరం ఎందుకు? సినిమాలో వీధుల్లో ఊరేగింపులు చూపించారు, సగం అర్థం కాలేదు.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, మొసాద్దెఖ్ అని ఇరాన్ ప్రధాని. ఇంగ్లీషు కంపెనీ చేతిలో ఉన్న చమురును 1951లో జాతీయం చేశాడు. 1953 ఆగస్టు 19న ఆయన్ని దించేశారు. వెనక ఉన్నది అమెరికా సీఐఏ, బ్రిటన్ గూఢచారి సంస్థ. అరవై ఏళ్ల తర్వాత, 2013లో, సీఐఏ తన పత్రాల్లోనే ఒప్పుకుంది. ఇరాన్‌లో ఆ ఆగస్టు గురించి మాట్లాడితే ఇప్పటికీ గొంతు మారుతుంది.

నవలలో అది పక్కనుంచి వినబడుతుంది, అంతే. దేశం పోతోందని మగవాళ్లు వీధిలో అరుస్తుంటే ఇంట్లో ఆడవాళ్లను బయటికి పోవద్దంటుంటారు. మునిస్ మేడమీద నిలబడి ఆ గొడవ చూస్తుంది. తర్వాత ఆమెను చంపేది సైనికుడు కాదు, సొంత అన్న. నెల్లాళ్లు ఇంటికి రాలేదని కత్తితో పొడిచి తోటలో పాతేస్తాడు. పైగా ఆ శవాన్ని దాచడానికి సలహా ఇచ్చేది ఫాయిజా! ఆమెకు ఆ అన్నను పెళ్లి చేసుకోవాలని ఆశ. చివరికి అతను పద్దెనిమిదేళ్లు నిండని ఇంకో పిల్లను చేసుకుంటాడు. ఈవిడ ఆడవాళ్లను దేవతలుగా చూపించదు. అందుకే నాకు ఇష్టం.

బే ఏరియా బాబాయ్:
సినిమా గురించి. షిరీన్ నెషాత్ తీసింది, 2009లో వెనిస్‌లో ఉత్తమ దర్శకత్వానికి సిల్వర్ లయన్ వచ్చింది. ఇరాన్‌లో తీయడం కుదరదు కాబట్టి మొరాకోలో కాసాబ్లాంకా వీధులనే టెహ్రాన్ చేశారు. చెట్టు టీచరమ్మను తీసేసి, మునిస్‌ను రాజకీయ కార్యకర్తను చేశారు. వేశ్యాగృహం నడిపే ఆవిడగా ఒక పెద్దామె కనబడుతుంది చూశారా? ఆవిడే పార్సీపూర్! మళ్లీ చూడండి.

చూడటానికి అందంగా ఉంటుంది, కాదనను. కాకపోతే పుస్తకంలో ఉన్న నవ్వు సినిమాలో లేదు. తెరమీద ప్రతి చెట్టూ పొగమంచులో ఏడుస్తున్నట్టే ఉంటుంది. పుస్తకంలో ఫాయిజా చాడీలు, ఆ ఐదుగురిలో ఇంకొకావిడ ఫరూఖ్‌లఖా గొప్పలు, ఆ వంటింటి పోట్లాటలు చదివి పగలబడి నవ్వాను.

మల్లెతీగ:
బాబాయ్, మీరన్న నవ్వు నాకూ కనబడింది! సరే, నన్ను తినేస్తున్న ప్రశ్న. మహ్‌దొఖ్త్ చెట్టవడం గెలుపా, ఓటమా? మనుషుల్లో బతకలేక చెట్టయింది. చివర్లో విత్తనాలుగా పగిలి నీళ్లలో ప్రపంచమంతా పోతుంది. నాకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది.

గోదారిగాలి:
ఓటమే. ఎవరూ ముట్టుకోకుండా ఉండాలంటే ఆడది మనిషిగా ఉండటం మానుకోవాలి, ఆ కథ చెప్పేది అదే. తోటలో పనిపిల్లనూ తోటమాలినీ చూసి ఆమెకు కలిగింది అసహ్యం. ఆ అసహ్యం ఇంట్లో నేర్పిందే. చెట్టయ్యాక కూడా దాన్నించి బయటపడలేదు.

అనువాదప్రియ:
నేనొప్పుకోను. ఆ చెట్టు ఉత్తి నీళ్లతో పెరగదు, జరీన్‌కొలాహ్ పాలతో పెరుగుతుంది. కన్యాత్వం కాపాడుకోవాలని చెట్టయిన మనిషిని బతికించింది ఒక వేశ్య చనుబాలు. ఇంతకన్నా గట్టిగా ఆ ఇంటి పాఠాన్ని ఎవరు కొట్టేయగలరు? పైగా అక్కడ స్వర్గం ఏమీ ఏర్పడదు. తోట ఎవరికీ శాశ్వతం కాదు. ఫరూఖ్‌లఖా మళ్లీ పెళ్లి చేసుకుంటుంది, ఫాయిజా ఆ అన్నకు రెండో భార్యగా కుదురుకుంటుంది. ఎవరి దారి వాళ్లది.

సందేహాలరావు:
జైలు జ్ఞాపకాల పుస్తకం కూడా ఉందట కదా. అది ఎలా ఉంటుంది? నవలల కన్నా నాకు అలాంటివే నచ్చుతాయి.

రిటైర్డ్ మాస్టారు:
ఉంది. పర్షియన్‌లో 1996లో స్వీడన్ నుంచి బారాన్ అనే ప్రచురణ సంస్థ వేసింది. ఇంగ్లీషులో ‘కిస్సింగ్ ది స్వోర్డ్’, 2013. మీకు నచ్చుతుంది రావు గారూ, ఎందుకంటే అందులో వీరత్వం లేదు.

1981 తర్వాత ఇరాన్ జైళ్లలో ప్రతివాడికీ ఒక జెండా ఉంది. ముజాహిదీన్ అనే ప్రభుత్వ వ్యతిరేక సంస్థ వాళ్లు, కమ్యూనిస్టుల్లో పది రకాలు, పశ్చాత్తాపపడి తోటి ఖైదీల మీద నిఘా వేసే తవ్వాబ్‌లు. ఈవిడకు ఏ జెండా లేదు. దాంతో ఎవరికీ నమ్మకం లేదు. పార్టీ పిల్లలకు ఈవిడ పనికిరాని మేధావి, అధికారులకు లొంగని మనిషి. పద్నాలుగు, పదిహేనేళ్ల అమ్మాయిలు నిండిపోయిన గదుల్లో నడివయసుకు వస్తున్న ఒక రచయిత్రి. ఏవిన్ జైల్లో రాత్రిపూట తుపాకుల మోత, ఆ తర్వాత విడివిడిగా ఒక్కొక్క తూటా. ఆ విడి తూటాలను లెక్కపెడితే ఆ రాత్రి ఎందరు పోయారో తెలిసేది.

ఖెజెల్ హెసార్ జైల్లో ఇంకో శిక్ష ఉండేది. కళ్లకు గంతలు కట్టి, రెండు చెక్కల మధ్య నెలల తరబడి కదలకుండా, మాట లేకుండా కూర్చోబెట్టడం. అక్కడినుంచి కొందరు తవ్వాబ్‌లుగా లేచారు, కొందరు మతి చలించి లేచారు. ఆవిడ ఎవరినీ తప్పుపట్టదు. విరిగిపోయినవాళ్లను కూడా. ఆ పుస్తకంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది అది.

గోదారిగాలి:
1994లో ఇరాన్ వదిలి అమెరికా వెళ్లిపోయింది. కొందరు ఇరానీయులే, ఉండి పోరాడాల్సింది అంటారు. ఉన్నవాళ్ల సంగతి చూద్దాం. 1996లో ఆర్మేనియాలో సాహిత్య సభకని ఇరవై మంది దాకా రచయితలు బస్సులో బయల్దేరితే, కొండదారిలో డ్రైవరు బస్సును లోయవైపు తిప్పి తాను దూకేశాడు. అదృష్టం కొద్దీ అంచున ఆగింది. 1998 చలికాలానికి ముందు మొహమ్మద్ మొఖ్తారీ, మొహమ్మద్ జాఫర్ పూయాందేలను చంపి పారేశారు. ఇద్దరూ రచయితల సంఘంలో పనిచేసినవాళ్లు. ఆ దేశంలో ఉండమని వేరేవాళ్లకు చెప్పే హక్కు ఎవరికుంది?

బే ఏరియా బాబాయ్:
వెళ్లినవాళ్ల సంగతి కూడా చూడాలి. గులాం హుసేన్ సాయిదీ అని పెద్ద కథకుడు, నాటకకర్త. పారిస్‌కు పారిపోయి, అక్కడి భాష నేర్చుకోవడానికి కూడా మనసొప్పక, తాగి తాగి 1985లో యాభై నిండకుండానే పోయాడు. పార్సీపూర్ అలా కుంగిపోలేదు. 2003లో బ్రౌన్ యూనివర్సిటీ అంతర్జాతీయ రచయితల ఫెలోషిప్ మొదలుపెడితే మొట్టమొదట తీసుకున్నది ఆవిడే. 2010లో అదే యూనివర్సిటీ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఉత్తర కాలిఫోర్నియాలో ఉంటూ, ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నడిచే రేడియో జమానేలో పర్షియన్‌లో పుస్తకాల గురించీ చరిత్ర గురించీ మాట్లాడింది. గౌరవం దొరికింది. పాఠకులు? ఆవిడ రాసేది పర్షియన్‌లో. చదవాల్సినవాళ్లు ఉన్నది ఇరాన్‌లో. అక్కడ పుస్తకం దొరికితే ఫుట్‌పాత్ మీద దొంగ కాపీగానే. రూపాయి రాదు, ఎంతమంది చదివారో తెలియదు.

నల్లకుంట కుర్రోడు:
మన చలం కూడా ఇలాగే కదా? ఆడవాళ్ల గురించి రాశాడని వెలివేస్తే 1950లో అరుణాచలం వెళ్లిపోయాడు.

గోదారిగాలి:
తమ్ముడూ, ఆ పోలిక కాస్త ఆపు. చలాన్ని తిట్టారు, దూరం పెట్టారు, బాధ నిజమే. కానీ ఆయన రమణాశ్రమానికి ఇష్టపడి వెళ్లాడు, తిరిగిరావాలంటే రైలు టికెట్టు చాలు. పుస్తకాలు విజయవాడలో దొరుకుతూనే ఉన్నాయి. పార్సీపూర్ దిగితే ఎయిర్‌పోర్టులోనే పట్టుకుంటారు.

అనువాదప్రియ:
నిజమైన భారతీయ లంకె కావాలంటే వేరే ఉంది. ఆధునిక పర్షియన్ నవలకు పునాది అని అందరూ చెప్పే సాదెఖ్ హెదాయత్ ‘గుడ్డి గుడ్లగూబ’ మొదట బయటికొచ్చింది టెహ్రాన్‌లో కాదు, మన బొంబాయిలో, 1936లో. చేత్తో రాసి యాభై ప్రతుల దాకా తీయించి, ఇరాన్‌లో అమ్మకానికి కాదు అని వేశాడు. రెజా షా సెన్సారుకు భయపడి. అంటే అక్కడి నవల పుట్టడమే సరిహద్దు ఇవతల పుట్టింది. హెదాయత్, సాయిదీ ఇద్దరూ ఇప్పుడు పారిస్‌లో పేర్ లషేజ్ శ్మశానంలోనే ఉన్నారు.

సందేహాలరావు:
బొంబాయి సంగతి బాగుంది. సరే, నాకు జైలు పుస్తకం, తర్వాత ‘తూబా’. చిన్న నవల చివరికి వదిలేస్తా. ఆ చెట్టు పాలు తాగడం నాకింకా మింగుడుపడలేదు.

మల్లెతీగ:
నేను ‘తూబా’ ఆర్డర్ పెట్టేశాను. అనువాదప్రియ గారూ, ‘విమెన్ వితౌట్ మెన్’కు రెండు ఇంగ్లీషు అనువాదాలు కనబడుతున్నాయి. మా చెల్లికి కొనాలి, ఏది కొనను?

అనువాదప్రియ:
1998లో కమ్రాన్ తలాతోఫ్, జోస్లిన్ షార్లెట్ చేసింది ఒకటి, తర్వాత ఫరీదూన్ ఫరూఖ్ చేసింది ఇంకొకటి. రెండోది కొనండి. వాక్యాలు చిన్నవి, ఫాయిజా నోటి దురుసు బాగా వినబడుతుంది. ‘తూబా’కైతే హవ్వా హుష్మంద్, తలాతోఫ్ కలిసి చేసిందే నేను చదివాను. మొదటి యాభై పేజీల్లో పేర్లు కలగాపులగం అవుతాయి, పక్కన కాగితం పెట్టుకుని చుట్టరికాలు రాసుకోండి. రాకుమారుడు గీల్ (తూబా మొగుడు కాదు, వేరే పాత్ర) వచ్చే చోట్ల అర్థం కాకపోతే కంగారుపడకండి. నాకూ సగమే అర్థమైంది, మాస్టారు వివరిస్తారు.

రిటైర్డ్ మాస్టారు:
నన్నెందుకమ్మా ఇరికిస్తావు! గీల్ దగ్గర నేనూ రెండుసార్లు ఆగిపోయాను. మల్లెతీగ చదివి వచ్చాక దానికి వేరే చర్చ తెరుద్దాం.